వెనక వరసకి వినపడుతోందా?

కాలేజీ గేటు పక్కనున్న టీ కొట్టులో సాయంత్రం పూట కూర్చోడానికి చోటు దొరకాలంటే అదృష్టం ఉండాలి. ఆ రోజు వక్తృత్వ సంఘం కార్యదర్శికి చోటైతే దొరికింది గానీ, అదృష్టం మాత్రం చుట్టుపక్కల ఎక్కడా కనపడలేదు. ముందు చల్లారిపోయిన టీ, పక్కన పెద్ద హాలు తాళంచెవి. ఎవరూ జేబులో వేసుకుని మర్చిపోకుండా ఆ చెవికి అరచెయ్యంత చెక్కముక్క కట్టి ఉంటుంది. ఆఫీసు మూసేలోపు దాన్ని తిరిగిచ్చేసి, "రేపటి సభ రద్దండీ" అని ఒక్క ముక్క చెప్పేస్తే పీడ విరగడవుతుంది. దాంతోపాటు సంఘం కూడా విరగడవుతుంది, అదీ బాధ.

ఎందుకంటే ఆ కాలేజీలో ఒక పాత కట్టుబాటు ఉంది. ఏ సంఘమైనా ఏడాదికి ఒక్కటైనా నిండు సభ జరపాలి. నిండు సభ అంటే కుర్చీలు నిండటం కాదు, చివర వందన సమర్పణ జరగటం. ఆ వందన సమర్పణ సంఘంలోవాళ్ళు తమకు తామే చేసుకుంటే చెల్లదు. వినడానికి వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు తమంతట తాము లేచి, మైకు దగ్గరికొచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పాలి. బయటివాడు ఒక్కడైనా మెచ్చుకుంటేనే సంఘం బతికున్నట్టు. లేదంటే గది లాగేసుకుంటారు. ఫొటోల సంఘం గదిలో ఇప్పుడు విరిగిన బెంచీలు కాపురం ఉంటున్నాయి.

వక్తృత్వ సంఘం కిందటి సభకి పురుగు కూడా రాలేదు. ఆ రోజు కార్యదర్శి వేదిక మీద నిలబడి ఖాళీ కుర్చీల్ని చూసింది. నోట మాట రాలేదు. దిగి వచ్చేసింది. రెండో సంవత్సరం చదివే పిల్ల, మాట్లాడటమంటే ప్రాణం. అలాంటిదానికి ఆ రోజు తర్వాత మైకు కనపడితే పక్కకి తప్పుకుని పోతోంది. రేపటిది ఆఖరి అవకాశం. మళ్ళీ ఆ కుర్చీల ముందు నిలబడటం కంటే సంఘం మూసుకోవడమే నయమని మధ్యాహ్నం నుంచీ మనసుకి నచ్చజెప్పుకుంటోంది. మనసు వినటం లేదు.

"నువ్వు తాగవు కదా?" అని ఆమె టీ తన వైపు లాక్కున్నాడు సహాయం. అతను సహాయ కార్యదర్శి. పదవిలో సగం ఊడిపోయి పిలుపుకి సహాయం మిగిలింది, పనికి అది కూడా మిగల్లేదు.

కొట్టు స్తంభానికి వాళ్ళ పోస్టరే అంటించి ఉంది. "మాట గొప్పదా? మౌనం గొప్పదా? మహా చర్చా సభ!" అని ఎర్ర అక్షరాలు. దాని కింద సలహాదారు గారి పేరు, కార్యదర్శి పేరు, సహాయం పేరు, సభ్యులందరి పేర్లు, ఆఖరికి చుట్టూ పూలతీగ గీసినవాడి పేరు కూడా.

"ఎప్పుడు తల్లీ సభ?" అని అడిగాడు టీ అన్న.

"రేపు మూడింటికన్నా. జరిగితే."

"ఎక్కడ?"

"పెద్ద హాల్లో."

"ఓహో" అని టీ అన్న పోస్టరు వైపొకసారి చూసి, మళ్ళీ పాలగిన్నె వైపు తిరిగాడు. అతను తొందరపడి ఏదీ అనే మనిషి కాదు.

అప్పుడే రోడ్డు దాటుకుంటూ అధ్యక్షులవారు వేంచేశారు. ఎదురుగా ఉన్న కళ్ళద్దాల షాపు ఆయనదే. చదువుకునే రోజుల్లో ఇదే సంఘానికి అధ్యక్షుడిగా చేశాడు. ఆ పదవి వదిలేసి ముప్పై ఏళ్ళు దాటినా, పదవి ఆయన్ని వదల్లేదు. చిన్నవాటిని పెద్దవిగా చూపించడం ఆయన వృత్తి, షాపులోనూ అదే, బయటా అదే.

"ఏమిటమ్మా, తాళంచెవి ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నావు?"

సహాయమే చెప్పాడు. "రేపటి సభ రద్దు చేద్దామంటోందండీ. జనం రారట."

"రద్దా?" అధ్యక్షులవారు బెంచీ మీద కూర్చోబోయి ఆగిపోయారు. "మన సంఘం సభ రద్దా? అమ్మాయ్, నేను అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో..."

టీ అన్న స్టవ్ మంట తగ్గించేశాడు. అధ్యక్షులవారి కథ మొదలయ్యాక పాలు పొంగినా ఎవరూ చూడరని అతనికి బాగా అనుభవం.

"అదీ ఇలాంటి సభే. ఎవరూ రారని మా వాళ్ళంతా చేతులెత్తేశారు. నేనేం చేశానూ? పెద్ద ఘనకార్యమేం కాదమ్మా, హాస్టలుకెళ్ళి గది గదికీ తలుపు కొట్టాను. ఒక్క గంట మా కోసం రండి బాబూ అన్నాను. పాపం, మంచి పిల్లలు, వచ్చారు. హాలు సగం నిండింది."

"సగమేనా?" అన్నాడు సహాయం. అక్కడే తప్పు చేశాడు.

"సగం మొదట్లో నాయనా! నేను నోరు విప్పకముందు! 'సభకు నమస్కారం' అన్నానో లేదో మిగతా సగం నిండింది. 'మిత్రులారా' అనేసరికి కుర్చీలు చాల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మావాళ్ళు పరిగెత్తుకెళ్ళి క్లాసుల్లోంచి బెంచీలు మోసుకొచ్చేశారు, తొందరలో చూసుకోలేదు, అక్కడ పాఠాలు జరుగుతున్నాయి. పిల్లలు బెంచీలతో పాటే వచ్చేశారు. మేష్టార్లు బోర్డు మీద రాస్తూ రాస్తూ వెనక్కి తిరిగితే ఏముంది, నున్నటి నేల! ఏం చేస్తారు పాపం, సుద్దముక్క చేత్తో పట్టుకుని వాళ్ళూ వచ్చేశారు."

"ప్రిన్సిపాలు గారు ఊరుకున్నారా?" టీ అన్న గ్లాసు అందిస్తూ అడిగాడు. అతనికి ఈ కథ కొత్తేం కాదు, కానీ ఎక్కడ ఏం అడగాలో తెలుసు.

"ఆయనకి చోటు దొరికితేగా ఊరుకోవడమో, కోప్పడటమో! సొంత కాలేజీలో, సొంత హాల్లో, గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు మహానుభావుడు. 'కాస్త గట్టిగా చెప్పు నాయనా' అని చీటీ పంపించాడు. సరే, గట్టిగా చెప్పాను. అదే కొంప ముంచింది."

"ఏమైంది?" అంది కార్యదర్శి. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"మైదానంలో ఫుట్‌బాల్ పోటీ జరుగుతోందమ్మా, ఫైనలు. నా గొంతు అక్కడికి వినపడింది. ముందు ప్రేక్షకులు లేచొచ్చారు, తర్వాత ఒక జట్టు వచ్చింది, 'మరి మేమెవరితో ఆడాలి?' అని రెండోదీ వచ్చింది. బంతి ఒక్కటే మిగిలింది మైదానంలో. రిఫరీ మాత్రం నిజాయితీపరుడు, ఈల నోట్లోంచి తియ్యకుండానే వచ్చి కూర్చున్నాడు, ఎవరైనా గుసగుసలాడితే చాలు, ఈల వేసి బయటికి పంపించేసేవాడు."

సహాయం టీ పొలమారి దగ్గాడు. పక్క బెంచీ వాళ్ళు మాటలు ఆపేసి ఇటు తిరిగారు. జనం పెరిగేసరికి అధ్యక్షులవారి గొంతూ పెరిగింది.

"అంతటితో ఆగిందా? కాలేజీ వెనక నుంచి రైలు పోతుందా, డ్రైవరు నా మాట విన్నాడు. బండి ఆపేశాడు. ప్రయాణికులంతా సామాన్లతో సహా దిగి, గోడ దూకి వచ్చేశారు. టిక్కెట్లు చూసేవాడు కూడా వచ్చి, అలవాటు కొద్దీ హాలు గుమ్మంలో నిలబడి అందర్నీ టిక్కెట్ అడిగాడు. నమ్మరా? ఈ రోజుకీ ఆ రైలు మన గోడ వెనకకి రాగానే కాసేపు ఆగుతుంది, స్టేషను లేదు, ఏమీ లేదు. ఎందుకాగుతుందంటారు?"

"అక్కడ సిగ్నలుందండీ" అన్నాడు సహాయం.

"తర్వాత పెట్టారు! ఊరికే ఆగితే బాగుండదని!"

కొట్టంతా నవ్వింది. కార్యదర్శి కూడా నవ్వింది. రెండు రోజులుగా ఆమె ముఖాన నవ్వన్నదే లేదు. ఇదంతా కోతలని ఆమెకి తెలుసు, పసిపిల్లకైనా తెలుస్తుంది. కానీ ఆ మనిషి చెయ్యి గాల్లోకి లేపితే ఆ గుమ్మంలో ప్రిన్సిపాలు కనపడుతున్నాడు, ఈల నోట్లో పెట్టుకున్న రిఫరీ కనపడుతున్నాడు. మనసులో మెచ్చుకోకుండా ఉండలేకపోయింది. 'ఈయన ముందు ఖాళీ కుర్చీలు పడేసినా జనాన్ని పుట్టించగలడు' అనుకుంది. ఆఫీసు మూసే వేళ దగ్గరపడుతోంది. తాళంచెవి మీద పెట్టిన చెయ్యి మాత్రం ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు.

"ఇంతలో కరెంటు పోయింది. లోపల అంత జనం, ఉక్కపోత. 'మిత్రులారా, ఒక్కసారి చప్పట్లు కొట్టండి' అన్నాను. కొట్టారు. ఆ చప్పట్ల గాలికి పైన ఫ్యాన్లు వాటంతటవే తిరగడం మొదలెట్టాయి! ఒక ఫ్యానైతే మరీ జోరుగా తిరిగి ఊడి వెళ్ళి పక్క కాలేజీలో బిగుసుకుంది, ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది, మర్యాదకి మేమూ అడగలేదు. గోడలు చూశావా అమ్మాయ్, పగుళ్ళున్నాయి కదా హాల్లో? అందరూ పాతబడిందంటారు. కాదు. ఆ రోజు జనం ఒత్తిడికి గోడలు బయటికి జరిగాయి. అంతకుముందు అది చిన్న హాలు. పెద్ద హాలు అనే పేరు ఆ రోజు తర్వాత వచ్చిందే!"

"మరి వందన సమర్పణ ఎవరు చేశారండీ?" అని అడిగింది కార్యదర్శి.

అధ్యక్షులవారు గ్లాసు కింద పెట్టి చేతులు రెండూ చాచారు. అసలు ఘట్టం వచ్చిందని అందరికీ అర్థమైంది.

"ఎవరు చెయ్యలేదని అడుగు! నేనంటే నేనని తోసుకున్నారు. 'అయ్యా, వరసలో రండి' అన్నాను. ఆ వరస హాలు దాటింది, గేటు దాటింది, ఈ కొట్టు దాటింది. ఒక్కొక్కరూ వచ్చి కళ్ళు తుడుచుకుంటూ వందనాలు చెబుతున్నారు. తెల్లారింది, చెబుతున్నారు. పరీక్షలొచ్చాయి, చెబుతున్నారు. మరుసటి ఏడు సభ కూడా వచ్చేసింది, మా వందన సమర్పణ తేలనేలేదు! పోయిన నెల ఒక ముసలాయన కర్ర పట్టుకుని మా షాపుకొచ్చాడు. కళ్ళద్దాలకనుకున్నాను. 'బాబూ, నా వంతు ఎప్పుడొస్తుంది?' అన్నాడు!"

"ఆయన కళ్ళద్దాలకే వచ్చాడు" అంది వెనక నుంచి ఒక గొంతు. "ఇప్పుడింకొకాయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఒక కంటికి అద్దం బిగించి వచ్చేశారు మీరు. పాపం, రెండో కన్ను మూసుకుని ఎదురుచూస్తున్నాడు."

అందరూ తిరిగి చూశారు. అధ్యక్షులవారి భార్య. షాపులో బల్ల దగ్గర కూర్చునే ఆమెని పిల్లలంతా పిన్ని అంటారు. ఆమె చేతిలో ఇంకా అద్దం తుడిచే గుడ్డ ఉంది.

"వచ్చేస్తున్నానోయ్. పిల్లలకి ఆ సభ సంగతి చెబుతున్నాను."

"ఏ సభ? వాన కురిసిన రోజు సభా?" పిన్ని బెంచీ చివర కూర్చుంది. "దానికి వందన సమర్పణ చేసింది నేను. వరసేమీ లేదు. హాల్లో ఉన్నదే నేనొక్కదాన్ని."

పక్క బెంచీ వాళ్ళు అధ్యక్షులవారి వైపు చూశారు.

"ఒక్కరేమిటి?" అన్నారు అధ్యక్షులవారు. "వాచ్‌మన్ లేడూ?"

"నిద్రపోయాడు."

"నిద్రపోయినా వచ్చినట్టేగా!"

పిన్ని ఆయన మాట పట్టించుకోకుండా కార్యదర్శి వైపు తిరిగింది. "వాన పడుతోంటే తలదాచుకుందామని లోపలికెళ్ళానమ్మా. నాకు సభ సంగతే తెలీదు. ఎవరికీ తెలీదు. ఊరంతా పోస్టర్లు అంటించారు, వాళ్ళ పేర్లన్నీ వేసుకున్నారు, ఎప్పుడో, ఎక్కడో రాయడం మర్చిపోయారు. మిగతా సభ్యులు జనాన్ని పిలుచుకొస్తామని వెళ్ళి వానకి ఎక్కడో ఆగిపోయారు. ఈయన ఒక్కడే వేదిక మీద, నేనొక్కదాన్నే మూడో వరసలో, తడిసిన జుట్టుతో."

"అయితే సభ ఆపేశారా?" అంది కార్యదర్శి.

"ఆపడమా! 'సభకు నమస్కారం' అని మొదలెట్టాడు. గంటసేపు. ఏం మాట్లాడాడో నాకొక్క ముక్క గుర్తులేదు గానీ హాలు కిటకిటలాడుతున్నట్టే మాట్లాడాడు. అటు తిరిగి, ఇటు తిరిగి, చెయ్యి ఊపి. మధ్యలో ఆగి, 'వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా?' అని అడిగాడు." పిన్ని నవ్వింది. "నేను వెనక్కి తిరిగి చూశానమ్మా. నిజంగా ఎవరైనా ఉన్నారేమోనని."

అధ్యక్షులవారు ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయి, మళ్ళీ దించారు.

"ఒక్కరి కోసం అంతసేపు ఎలా మాట్లాడారండీ?" అని ఆయన్నే అడిగింది కార్యదర్శి. "నాకు ఆ కుర్చీలు చూస్తేనే నోరు పెగల్లేదు."

ఆయన ఈసారి చేతులు ఎత్తలేదు. "కుర్చీల్ని ఎందుకు చూశావమ్మా? వానలో తడిసి ఒక పిల్ల వచ్చి కూర్చుంది. ఖాళీ హాల్లో ఒంటరిగా ఇరుక్కుపోయానని ఆ పిల్లకి అనిపించకూడదు కదా. అందుకని మిగతా జనాన్ని నేనే తెచ్చాను."

ఇంత చిన్న మాట ఆయన నోట కార్యదర్శి ఎప్పుడూ వినలేదు. ఆమెకి కళ్ళు చెమర్చాయి, టీ పొగని నిందించడానికి గ్లాసు కూడా ముందు లేదు.

"చివర కిందికి దిగొచ్చి, 'వందన సమర్పణ లేకపోతే మా గది పోతుందండీ' అని బతిమాలాడు" అంది పిన్ని. "నేను నలుగురిలో నోరు విప్పి ఎరగను. అయినా లేచాను. నాలుగు ముక్కలు ఎలాగో చెప్పాను. ఈయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు. కానీ ఎలా కొట్టాడనుకున్నావు, హాలంతా కొట్టినట్టే కొట్టాడు. ఆ ఫ్యాను సంగతి మాత్రం అబద్ధం కాదేమోనని నాకిప్పటికీ అనుమానం. మరుసటి ఏడు సంఘానికి అధ్యక్షురాలిని నేనే. నా సభకి మాత్రం జనం నిజంగా నిండారు."

"ఎలా పిన్నీ?" అన్నాడు సహాయం.

"పోస్టరు మీద టైము రాశాను."

కొట్టు మళ్ళీ గొల్లుమంది. పిన్ని లేచి గుడ్డ దులుపుకుంటూ స్తంభం దగ్గర ఆగింది. పోస్టరు పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది.

"అమ్మాయ్" అంది మెల్లగా, "పూలతీగ గీసినవాడి పేరు కూడా వేశారు. టైమేదీ?"

కార్యదర్శి పరుగున వచ్చి చూసింది. టైము లేదు. రోజు లేదు. హాలు పేరు లేదు. ఆరుగురు సభ్యులు, రెండు రోజుల పని, కాలేజీ నిండా పోస్టర్లు, ఒక్కరి కంటికీ ఆనలేదు. తమ పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోవడంలోనే అందరి కళ్ళూ అరిగిపోయాయి.

"అన్నా, నీకు తెలుసా ఇది?" అంది టీ అన్నని.

"నిన్నటి నుంచీ అనుకుంటూనే ఉన్నా తల్లీ. చదువుకున్నోళ్ళు కదా, ఇప్పుడు పద్ధతి ఇదేనేమోననుకున్నా."

సహాయం జేబులోంచి లావు పెన్ను తీశాడు. అతను చేసిన మొదటి సహాయం అదే. కార్యదర్శి తాళంచెవిని చెక్కముక్కతో సహా సంచిలో పడేసుకుని, స్తంభం మీద పోస్టరుతో మొదలెట్టి, చీకటి పడేదాకా కాలేజీలో కనపడ్డ ప్రతి గోడ దగ్గరా ఆగి రాసింది. 'రేపు మూడింటికి, పెద్ద హాల్లో. తప్పక రండి.'

మర్నాడు మూడింటికి రెండు వరసలు నిండాయి, మూడో వరస అక్కడక్కడా. టీ అన్న స్టవ్ ఆర్పి వచ్చాడు. పిన్ని మూడో వరసలో కూర్చుంది. అధ్యక్షులవారు కనపడలేదు, షాపు వదిలి రాలేదు కాబోలనుకుంది కార్యదర్శి. వేదిక ఎక్కింది. కుర్చీల్ని చూడలేదు, మనుషుల్ని చూసింది. మాట వచ్చింది. చర్చ జోరుగానే సాగింది. మౌనం గొప్పదన్న పక్షంవాళ్ళు ఎంత చెప్పినా మాట్లాడటం ఆపలేదు.

చివర, "వందన సమర్పణ ఎవరైనా చేస్తారా?" అని అడిగింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ ఒకసారి అడిగింది. అప్పుడు రెండో వరసలోంచి మొదటి సంవత్సరం పిల్ల ఒకతె, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, లేచి వచ్చింది. మైకు పట్టుకుంది. "అందరికీ..." అంది. ఆగిపోయింది. ఆ పిల్ల కళ్ళు ఎక్కడున్నాయో కార్యదర్శికి చూడకుండానే తెలిసింది, వెనకనున్న ఖాళీ కుర్చీల మీద.

కార్యదర్శి పక్కకొచ్చి నిలబడింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, హాలంతా కిటకిటలాడుతున్నట్టు గొంతెత్తి అడిగింది.

"వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా?"

"బ్రహ్మాండంగా!" అని గోడలు అదిరేలా వినపడింది. "కానివ్వమ్మా!"

హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. అన్నీ తెలిసిన పిన్ని కూడా తిరిగి చూసింది. ఈసారి అక్కడ మనిషి ఉన్నాడు.